ఆగిన చోట కామా

ఇంగ్లీషు వాక్యంలో కామా ఎక్కడ పెట్టాలని ఖానాపూర్‌లో ఎవరిని అడిగినా ఒకటే జవాబు వచ్చేది: అహరోను సారు ఆగిన చోట.

అహరోను సారు మా బాపు. మిషన్ బడిలో ఇంగ్లీషు పంతులుగా రిటైరయ్యాక కూడా ప్రతి ఎండాకాలం చర్చి పక్కన ఉన్న హాలులో పొద్దున పూట క్లాసు నడిపేవాడు. ఆరో తరగతి పిల్లల దగ్గర నుంచి డిగ్రీ పిల్లల దాకా అందరూ ఒకే చాప మీద కూర్చునేవారు. ఆయన డిక్టేషన్ చెప్పేవాడు, వాళ్ళు రాసేవారు. మధ్యలో కొంచెం ఆగితే కామా. పూర్తిగా ఆగి కళ్ళద్దాలు పైకి తోసుకుంటే ఫుల్‌స్టాప్. అంతకు మించి వ్యాకరణం లేదు. ఆ వ్యాకరణంతోనే మా ఊరివాళ్ళు మస్కట్‌లో మేనేజర్లకు సెలవు చీటీలు రాశారు, కలెక్టరాఫీసులో అర్జీలు పెట్టారు, పెళ్ళి కార్డులు అచ్చు వేయించుకున్నారు. కామా తప్పిందని ఎవరూ పెళ్ళి ఆపలేదు.

నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. ఇంగ్లీషు సారు బిడ్డ లెక్కల పంతులమ్మ కావడం బాపు దృష్టిలో ఇంటికి జరిగిన నమ్మకద్రోహం. "లెక్కలదేముందే, ఎవ్వలు జేసినా గదే జవాబొస్తది" అనేవాడు. నేను ఊరుకునే రకం కాదు. "నీ ఇంగ్లీషుల ఒక్కొక్కనికి ఒక్కొక్క జవాబు వస్తది, గందుకే ఎవ్వడు పాసైతలేడు" అనేదాన్ని. మా ఇద్దరి మధ్య ప్రేమ ఎక్కువగా ఈ రకంగానే నడిచేది.

బాపు పోయాక ఇది రెండో ఎండాకాలం. నేను చెప్పబోయేది ఆయన చివరి క్లాసు నడిచిన ఎండాకాలం గురించి.

ఏప్రిల్‌లో బడికి సెలవులివ్వగానే బట్టలు సర్దుకుని వచ్చేశాను. మా ఆయన ఎబినేజర్ ఒమన్‌లోని సలాలాలో ఉంటాడు కనుక సెలవుల్లో నా ఇల్లు అమ్మగారిల్లే. వచ్చిన రోజే అవ్వ, అంటే మా అమ్మ, నన్ను వంటింట్లోకి లాక్కుపోయి తలుపు దగ్గరగా వేసింది.

"క్రిస్మస్ కాడికెళ్ళి దగ్గు తగ్గుతలేదు. నిర్మల్‌ల డాక్టరు ఊపిరితిత్తులు గట్టివడుతున్నయన్నడు. కరీంనగర్ పోయి స్కానింగ్ తీపిచ్చుకోండ్రి, లేటు జెయ్యకుండ్రి అని కాగితం రాసిచ్చిండు. మీ బాపు గా కాగితాన్ని బైబిల్ల వెట్టి మూసిండు. క్లాసు అయిపోయినంక పోత అంటుండు."

"క్లాసెప్పుడు అయితది?"

"వానలు వడ్డంక. నువ్వే జెప్పు బిడ్డా. నా మాట ఎన్నడన్న ఇన్నడా?"

చెప్పాను. బాపు అరుగు మీద కూర్చుని సుద్దముక్కలు డబ్బాలో సర్దుకుంటున్నాడు. ముందటేడాది కంటే చొక్కా వదులైంది. మెడ దగ్గర గుంట పడింది. అయినా గొంతు పెంచే మాట్లాడాను.

"క్లాసు ఒక ఏడు బంద్ వెడితే ఊరు మునుగుతదా?"

"ఊరు మునగది. నేను..." ఆగాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు. "నేను మునుగుత. మా నాయిన పసులు గాసేటోడు. నన్ను సారూ అనిపిచ్చింది గా క్లాసే. అది లేకుంటే నేనెవన్నే? పింఛన్ కోసం బ్యాంకు కాడ లైన్ల నిలబడే ముసలోన్ని."

ఆయనకు ఆ క్లాసు ఆగితే తను ఆగినట్టే. మాకేమో ఆ క్లాసు ఆగితే తప్ప ఆయన దక్కేట్టు లేడు. ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో నడిచిన పోరు ఇదొక్కటే.

రెండో రోజు నుంచి నేనూ హాలుకు వెళ్ళడం మొదలుపెట్టాను. కాగితాలు పంచడం నెపం, ఆయన మీద కన్నేసి ఉంచడం అసలు పని. హాలు మెట్లెక్కగానే బాపు గోడకున్న క్యాలెండరు చూస్తున్నట్టు నిలబడేవాడు. ఆ క్యాలెండరులో చూడడానికి ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. మాట మధ్యలో ఊపిరి అందకపోతే కిటికీలోంచి బయటికి చూసేవాడు, ఎవరో పిలిచినట్టు. నీళ్ళు తాగేవాడు. నాకు ఓపిక తక్కువ. ఆయన ఆగగానే మిగిలిన మాట నేను అందించేదాన్ని. "నేనింక బతికే ఉన్న" అని కసిరేవాడు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పోశవ్వ వచ్చింది. మా వాడకట్టులోనే బీడీలు చుట్టుకుంటూ ఒక్కతే బిడ్డను చదివించుకుంది. ఆ బిడ్డ దీపిక నర్సింగు పూర్తి చేసి, ఒమన్‌లో దవాఖాన ఉద్యోగానికి కావలసిన ఇంగ్లీషు పరీక్షకు కరీంనగర్‌లో కోచింగు తీసుకుంటోంది. సెలవు రోజుల్లో బాపు క్లాసుకు కూడా వచ్చేది. చిన్నప్పటి నుంచి ఆయన దగ్గరే కదా.

పోశవ్వ చేతులు జోడించింది. "సార్, నువ్వేమనుకోవద్దు. పిల్ల పరేషాన్ అయితుంది. కోచింగుల దాని కాగితం మీద కామాలన్ని ఎర్రగ కొట్టేసిండ్రట."

బాపు దీపిక వైపు చూశాడు. "నీకు కామా పెట్టరాదని అన్నరా?"

దీపిక తల వంచుకుంది. "పెట్టరాదని గాదు సార్. ఎక్కువ వెడుతున్నవ్ అన్నరు. ఎవ్వలు నేర్పిండ్రని అడిగిండ్రు."

"ఏం జెప్పినవ్?"

"ఏం చెప్పలే సార్."

అది ఆ పిల్ల మంచితనం. బాపుకు అది దెబ్బ కన్నా ఎక్కువ తగిలింది. పోశవ్వకు చాయ్ పోసి పంపించాక అవ్వతో కూడా మాట్లాడకుండా మధ్యాహ్నం దాకా అరుగు మీదే కూర్చున్నాడు. తర్వాత నన్ను పిలిచి, "కోచింగోళ్ళకు పైకి చదువుడు రాదు. గందుకే కామా తెల్వది" అన్నాడు. నాకు కామా గురించి ఏమీ తెలియదు. ఆయన ఊపిరి గురించే నా భయం.

మే నెల ఎండలు ముదిరాయి. హాలు మీది రేకులు పొద్దున ఎనిమిదింటికే కాలడం మొదలుపెట్టేవి. అట్లాంటి ఒక పొద్దున బాపు ఒక వాక్యం చెప్పాడు. కాలువ దగ్గర ఉండే రైతు తన రెండెడ్లను అమ్మేశాడని. చిన్న వాక్యం. ముందటేడాదైతే ఒక్క గుక్కలో చెప్పేవాడు.

"ది ఫార్మర్" అన్నాడు. కిటికీ వైపు చూశాడు. "హూ లివ్స్" అన్నాడు. నీళ్ళు తాగాడు. "నియర్ ది..." బల్ల అంచు పట్టుకున్నాడు. "కెనాల్."

నేను లేచి నిలబడ్డాను. కూర్చోమని చేత్తో సైగ చేశాడు. "హ్యాజ్ సోల్డ్... హిజ్ టూ... బుల్లక్స్." కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన ఎర్ర పెన్ను మూత తీసి పై కాగితం చూశాడు, తర్వాతది చూశాడు, ఇంకోటి చూశాడు. ప్రతి కాగితం మీద, మాట మాటకూ, చీమలు పారినట్టు కామాలు. ఒక్కరు కాదు, అందరూ.

ముఖం ఎర్రబడింది. "ఏందిది? నన్ను ఎక్కిరిస్తుండ్రా?"

కాగితాల కట్టను బల్ల మీద కొట్టాడు.

"లెవ్వండ్రి! ఎవ్వలు నేర్పిండ్రు మీకు ఇట్ల రాసుడు?"

ముందు వరసలో భవ్యశ్రీ అని ఎనిమిదో తరగతి పిల్ల ఉండేది. భయస్తురాలు. అయినా ఆ పిల్లే లేచింది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని చెప్పింది.

"మీరే ఆగిండ్రు గద సార్. ఆగిన కాడ పెట్టుమంటిరి."

బాపు కాగితాన్ని మళ్ళీ చూశాడు. ఇప్పుడు చూసింది వేరే చూపు. పిల్లలు తప్పు చేయలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు చేశారు. ఆయన క్యాలెండరుకూ, కిటికీకీ, నీళ్ళ సీసాకూ చెప్పి దాచుకున్నదంతా వాళ్ళు కాగితం మీద దించేశారు. ఎక్కడ దమ్ము అందలేదో అక్కడల్లా గుర్తు పెట్టి ఇచ్చారు. నాకు ఆ హాలులోంచి పారిపోవాలనిపించింది.

పెన్నుకు మూత పెట్టి, "కూసోండ్రి" అన్నాడు మెల్లగా. "మీ తప్పేం లేదు. ఇయ్యాల్టికి చాలు, ఇండ్లకు పోండ్రి."

ఆ తర్వాత కొన్నాళ్ళు క్లాసు జరగలేదు. సారుకు ఎండ దెబ్బ తగిలిందని పిల్లలకు చెప్పాను. ఆయన మంచం మీద గోడకు ఆనుకుని కూర్చునేవాడు, పడుకుంటే దగ్గు. అవ్వ ఆయన వీపు రాస్తూ అడిగేది, "ఆయాసం వస్తుందా సారూ?" పెళ్ళయినప్పటి నుంచీ అవ్వ ఆయనను సారూ అనే పిలిచేది. మొదట్లో వేళాకోళానికి మొదలైందట, తర్వాత అదే పేరైంది.

"లేదు. జర ఉక్కవోస్తుంది, గంతె" అనేవాడు.

"గొంతుల గురగుర ఇనవడుతుంది గద."

"గది నీ చెవుల్లోని గురగుర."

సుద్దపొడి తిని తిని ఇట్లా అయిందని అవ్వ వాదన. రాత్రీ పగలూ ఆమె అడగడం, ఆయన లేదనడం. స్కానింగు మాట నేనెత్తితే కళ్ళు మూసుకునేవాడు. ఒక మధ్యాహ్నం విసుగెత్తి నేనే అరిచాను. "నీకు దమ్ము అందుతలేదని ఊరి పిల్లలందరికీ ఎరికయింది. నీ పెండ్లానికి జెప్పనీకి నీకేమైతుంది?" ఆయన కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"దీపిక కాడ కోచింగు పుస్తకం ఉంటది. అడిగి తీస్కరా."

తెచ్చాను. ఇంగ్లీషు పంతులుగా రిటైరైన మనిషి కామాల పాఠం తెరిచి వేలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. మొదటి రోజు ఆ పుస్తకంతో పోట్లాడాడు. "తప్పు. ఇది అమెరికోళ్ళ రాత" అన్నాడు. రెండో రోజు పెన్సిల్ అడిగాడు. తర్వాత పోట్లాట తగ్గింది. ఒక సాయంత్రం నన్ను పక్కన కూర్చోమన్నాడు.

"పని జేసెటోనికి, జేసిన పనికి నడుమ కామా రాదట. వాడెంత పొడుగున్నా సరే. 'కాలువ కాడ ఉండే రైతు' అనేదంతా కలిపి ఒక్కడే. వాడు అమ్మిండు. నడుమ ఆగుడు లేదు."

"లెక్కల బ్రాకెట్ అసొంటిది" అన్నాను.

చాలా రోజులకు నవ్వాడు. "నువ్వు చెప్తే గూడ అర్థమయితుందే." నవ్వు దగ్గులోకి దిగింది. తగ్గేదాకా ఆగి మళ్ళీ చెప్పాడు. "మిషన్ బోర్డింగుల మాకు డోరమ్మ అని టీచరమ్మ ఉంటుండె. చర్చిల బైబిల్ వాక్యం చదివిపిచ్చేటందుకు మాకు కామా నేర్పింది. బెత్తం బల్ల మీద టక్కుమనిపిస్తే ఆగాలె, ఊపిరి పీల్చుకోవాలె. గది పైకి చదివేటోళ్ళ లెక్క. నేను గదే రాసుడు అనుకున్న. ఇన్నేండ్ల సంది ఊరందరికీ చదువుడు నేర్పి, రాసుడు నేర్పిన్నని తిరిగిన."

"బాపూ, నీ దగ్గర నేర్చుకున్నోళ్ళు అందరూ బతుకుతుండ్రు. ఎవ్వలికీ ఏం కాలే."

"దీపికకు అయితుంది గద" అన్నాడు.

ఎవరికీ చెప్పనవసరం లేదు, ఇట్లాగే క్లాసు మూసేద్దామన్నాను. పిల్లల ముందు తల దించుకోవడమెందుకని బతిమాలాను. నిజం చెప్పాలంటే ఆయన తల దించుకుంటే చూసే ధైర్యం నాకు లేదు. ఆయన ఒకటే అన్నాడు, "రేపు పిల్లలను రమ్మను."

మర్నాడు అందరూ వచ్చారు. కోచింగుకు సెలవు పెట్టి దీపిక కూడా వచ్చింది. మెట్ల దగ్గర బాపు క్యాలెండరు చూడలేదు. గోడ పట్టుకుని, దమ్ము తీసుకున్నాకే లోపలికి నడిచాడు. కుర్చీలో కూర్చున్నాడు. ఆయన కూర్చుని పాఠం చెప్పగా నేనెప్పుడూ చూడలేదు.

"మీకు నేనొక తప్పు నేర్పిన" అన్నాడు. "నేను ఆగిన కాడ కామా పెట్టుమన్న. పైకి చదివెటోనికి దమ్ము గావాలె, గందుకు ఆగుతడు. కాగితానికి దమ్ముతోని పని లేదు. దాని ఆగుడు వేరే ఉంటది."

బోర్డు దగ్గర నన్ను నిలబెట్టి రాయించాడు. పేర్లు వరసగా వస్తే ఒక్కొక్కదానికి కామా. 'వెన్', 'యాజ్' లాంటి మాటతో మొదలైన ముక్క అయిపోయాక కామా. రెండు నిండు మాటలను 'అండ్'తోనో 'బట్'తోనో కలిపితే దానికి ముందు కామా. చేసినవాడికీ పనికీ మధ్య వద్దు. పిల్లలు రాసుకున్నారు. నేను బోర్డు తుడిచి పక్కకు వచ్చాను. ఎవరూ నవ్వలేదు, ఎవరూ గుసగుసలాడలేదు. ఆయన తల దించుకోలేదు కూడా. ఇన్నాళ్ళూ నేనెందుకు భయపడ్డానో అనిపించింది.

"ఇగ డిక్టేషన్" అన్నాడు. "నేను శాన సార్లు ఆగుత. నా ఆగుడు జూడకుండ్రి. మాటను జూడుండ్రి."

అప్పటికి అవ్వ వచ్చి గుమ్మంలో నిలబడింది. క్లాసు అయ్యే వేళకు రోజూ ఆయన కోసం అంబలి గిన్నె తెచ్చేది. అవ్వకు ఇంగ్లీషు రాదు. బాపు ఆమెను చూశాడు. చూసి, పిల్లల వైపు తిరిగాడు.

"యాజ్ మై" అన్నాడు. ఆగాడు. ఛాతీ ఎగసిపడుతోంది. "బ్రెత్..."

పిల్లలు రాస్తున్నారు. దీపిక చెయ్యి ఆగింది. తలెత్తి నా వైపు చూసింది.

"ఈజ్... షార్ట్" అన్నాడు బాపు.

నేను అలవాటు కొద్దీ నోరు తెరిచాను, ఆయన మాట అందుకోవడానికి. ఏమని అందుకోవాలి? ఆయన ఏం చెప్పబోతున్నాడో నాకు తెలియదు. నోరు మూసుకున్నాను.

"మై డాటర్... విల్ టీచ్ యు... ఫ్రమ్..." చాలాసేపు పట్టింది. ఎవరూ పెన్ను కదపలేదు. "టుమారో... అండ్ ఐ... విల్ గో టు... ది హాస్పిటల్."

దీపిక కాగితం అడిగి తీసుకున్నాడు. నేను ఆయన భుజం మీదుగా చూశాను. 'షార్ట్' తర్వాత ఒక కామా, 'టుమారో' తర్వాత ఒక కామా. అన్ని సార్లు ఆగినా ఆయన ఆగిన గుర్తు ఇంకెక్కడా లేదు. బాపు ఎర్ర పెన్ను మూత తీయలేదు. "మంచిగున్నది" అని కాగితం తిరిగిచ్చాడు.

పిల్లలు లేవలేదు. చిన్నవాళ్ళకు కూడా అర్థమైనట్టుంది. అవ్వకే అర్థం కాలేదు. వాళ్ళ ముఖాలు చూసి, నా ముఖం చూసి, గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది.

"ఏమన్నడే?"

నేను బాపు వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. నేనే చెప్పాలి.

"దమ్ము అందుతలేదట అవ్వా. రేపటి సంది క్లాసు నన్ను చెప్పుమంటుండు. దవాఖానకు పోతడట."

అవ్వ గిన్నెను బల్ల మీద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆమె గొంతు నెమ్మదిగానే ఉంది.

"క్రిస్మస్ కాడికెళ్ళి అడుగుతున్న. పక్కల పండుకొని అడిగిన, బువ్వ వెట్టుకుంట అడిగిన. గీ ఒక్క మాట జెప్పనీకి నీకు ఇంగ్లీషు గావల్సొచ్చిందా సారూ?"

బాపు చాలాసేపు దమ్ము తీసుకున్నాడు.

"తెలుగుల చెప్తే" అన్నాడు, "నువ్వు ఏడుస్తవని."

అవ్వ పిల్లలందరి ముందే ఏడ్చింది.